పది టైర్ల టిప్పర్ ఆఖరి హౌసింగ్‌ల సప్పుడు, ఇప్పాల్నా వద్దా?

కంకరబండి
బండి పది టైర్ల టిప్పర్. సెకండ్ హ్యాండ్‌ల తీస్కొని రెండేండ్లాయె. నార్కట్‌పల్లి దిక్కు క్రషర్ కాడ 20 ఎం.ఎం. కంకర నింపుకొని దేవరకొండ రోడ్డు పనికి తోలుతున్నం. పది రోజుల సంది ఆఖరి హౌసింగ్‌ల (ఎనుక చక్రాల నడుమ గేర్లుండే ఇనుప డబ్బా) గుయ్య్ అని సప్పుడు. స్పీడు 35 దాటంగనే మొదలైతది, 45 కాడ గట్టిగ వినవడ్తది, 50 పైన జర తగ్గినట్టు అనిపిస్తది. ఎడమ దిక్కు లోపలి టైరు మీద నూనె మరక గూడ ఉన్నది.

మా కాడి మిస్త్రీ ఒక్క రౌండు కొట్టి వచ్చి "క్రౌన్ పినియన్ పోయినయ్, సెట్టు మొత్తం మార్చాలె" అన్నడు. క్రౌన్ అంటె హౌసింగ్ లోపలి పెద్ద పండ్ల చక్రం, పినియన్ అంటె దాన్ని తిప్పే చిన్న గేరు. ఇప్పలే, నూనె చూడలే. ఆయన చెప్పిన లెక్క వింటే రెండు నెలల కిస్తీలు దాంట్లనే పోతయ్.

మా తమ్ముడు గ్యారేజ్‌ల నాలుగేండ్లు పని నేర్చిండు. ఇద్దరం కలిసి మేమే ఇప్పుదామనుకుంటున్నం. ఇప్పకముందు ఏమేం చూడాలె? ఇప్పెటప్పుడు యాడ మోసపోతం? చేసినోళ్లు చెప్పుర్రి.

స్టెప్నీ
రెండేండ్ల సంది నువ్వు పాటలు పెట్టుకొని నడిపినవ్, ఇప్పుడు బండి పాడుతున్నది. జర ఇనరాదు.

పాత_పానా
తమ్మీ, పానా పట్టకముందు చెవి పెట్టాలె. నాలుగు ముచ్చట్లు చెప్పు.

ఒకటి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సప్పుడా, ఇడిసినప్పుడా, రెండిట్లనా? రెండు, తిరుగుడు కాడ, యూటర్న్ కొట్టెటప్పుడు ఎక్కువైతదా? మూడు, గేరు ఏసి కదిలిచ్చెటప్పుడు ఎనుక ఠక్కుమంటదా? నాలుగు, తారు రోడ్డు దిగి మట్టి బాట మీద పోతే మారుతదా?

తొక్కుడు ఇడుసుడుతోని మారితే పినియన్ కాడ వెతుకు. తిరుగుడు కాడ మాత్రమే వస్తే డిఫరెన్షియల్ (మలుపుల రెండు దిక్కుల చక్రాలను వేరే వేరే స్పీడుల తిరగనిచ్చేది) లోపలి చిన్న గేర్లు. ఏం చేసినా మారకుండ ఒక్క తీరుగ గుర్రుమంటే ఏదో ఒక బేరింగు. ఠక్కుమంటే ముందు క్రాసు (తిప్పే షాఫ్ట్ చివరి కీలు), ఫ్లాంజి (షాఫ్ట్ బిగిచ్చే గుండ్రటి బిళ్ల) బోల్టులు చూడు, అవి రెండు పానలతోని అయ్యే పని. మట్టి మీద సప్పుడు మాయమైతే అది హౌసింగే కాదు.

కోదాడ_కమాన్
ఆఖరి మాటకు నేను సాక్ష్యం. కొత్త లగ్ టైర్లు (ముతక గాళ్లవి) ఏసినంక గదే గుయ్య్ మొదలైంది. నేను హౌసింగ్ అనుకొని పూరా ఇప్పిచ్చిన. మూడు రోజుల కిరాయి పాయె, లోపల అన్ని మంచిగనే ఉన్నయ్. మల్ల బిగిచ్చినా గదే సప్పుడు. ఒక డ్రైవర్ వచ్చి టైర్లు ముందుకు ఎనకకు మార్చిండు, సప్పుడు ముందుకు వచ్చింది. ఆ పొద్దు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

స్టెప్నీ
సప్పుడు ప్రమోషన్ మీద క్యాబిన్‌కు వచ్చిందన్నట్టు.

కంకరబండి
పాత పానా కాకా, మాపటికి ఖాళీ బండితోని ఒక్క రౌండు కొట్టి చూసిన. తొక్కితే గుయ్య్, ఇడిస్తే గొంతు మారి గర్ర్. తిరుగుడు కాడ ఏం తేడా లేదు. మట్టి మీద గూడ ఉన్నది. కదిలిచ్చెటప్పుడు సన్నగ ఠక్కు ఉన్నది, అది ఎప్పటి సందో గుర్తు లేదు.

పాలమూరోడు
ఇంకేంది, పినియన్ పోయింది. మిస్త్రీ చెప్పింది నిజమే. ఇప్పుడు సెట్టు ఎయ్యకుంటే మూన్నెల్లల్ల రోడ్డు మీద పండుకుంటవ్.

పాత_పానా
పాలమూరు తమ్మీ, పినియన్ "కాడ" అన్న గాని పినియన్ "పోయింది" అనలే. పినియన్ ఎనుక రెండు బేరింగులుంటయ్. వాటి బిగువు పోయినా పినియన్ ముందుకు ఎనకకు ఊగుతది, తొక్కినప్పుడు ఒక కాడ, ఇడిసినప్పుడు ఇంకో కాడ పన్ను తగుల్తది. సప్పుడు అచ్చం గిట్లనే ఉంటది.

కంకరబండీ, బండి ఆపి చక్రాలకు దిమ్మలు పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు నుంచి హౌసింగ్‌కు తిప్పుడు తెచ్చే పొడుగు కడ్డీ) హౌసింగ్‌కు తగిలే కాడ ఫ్లాంజిని రెండు చేతుల పట్టి మీదికి కిందికి ఊపు, లోపలికి బయటికి గుంజు. చేతికి ఆట తెలిసిందంటే సగం జవాబు దొరికినట్టే. కొద్దిగ గుండ్రంగ తిరుగుడు ఉంటది, అది పండ్ల నడుమ సందు, ఉండాలె. మీదికి కిందికి మాత్రం అసలు ఉండొద్దు.

గ్రీజు_చేతులు
నేను జడ్చర్ల దగ్గర ఒక ఫ్లీట్ వర్క్‌షాప్‌లో ఫోర్‌మన్‌ని. ఇప్పే ముందు నూనె చూడకుండా ఎవరు ఏది చెప్పినా నమ్మకండి. బండి ఒక గంట తిరిగొచ్చాక వేడి మీదే కింది ప్లగ్గు తీయండి. చల్లారితే ఇనప రజను అడుక్కు దిగి మీకు కనబడదు. శుభ్రమైన తట్టలో పట్టండి, పాత డ్రమ్ములో కాదు.

ప్లగ్గుకు అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు మెత్తని పేస్టు అంటుకుంటే మామూలు అరుగుదల, తుడిచి పెట్టేయండి. సన్నని రేకు ముక్కలు, పొలుసుల్లాంటివి కనబడితే బేరింగు పొర లేస్తోంది. మందంగా, అంచు ఉన్న ముక్క దొరికితే పన్ను విరిగింది, ఆ బండిని ఇక కదపకండి. నూనె పాలచాయ్ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. నల్లగా మాడు వాసన వస్తే వేడెక్కి కాలిందని.

డ్రైవర్_దేవరకొండ
ఇంత కథ ఎందుకే. స్టీలు గిన్నెల నూనె పట్టి అయస్కాంతం తిప్పితే అయిపాయె.

గ్రీజు_చేతులు
అదే కదండీ నేను చెప్పింది, కొంచెం పొడుగ్గా.

కంకరబండి
ఇయ్యాల నూనె తీసినం. పేస్టు దండిగ ఉన్నది. దాంట్ల మూడు పొలుసులు, చేప పొలుసు కంటె చిన్నయి, వంచితే వంగుతలేవ్, ఇరుగుతున్నయ్. మందం ముక్కలేం లేవు. నూనె నల్లగున్నది గాని మాడు వాసన లేదు. ఫ్లాంజి పట్టి ఊపితే మీదికి కిందికి ఆట ఉన్నది, ఇద్దరం చూసినం.

ఇంకో ముచ్చట, పై ప్లగ్గు ఇప్పంగనే బుస్సుమని గాలి వచ్చింది. గట్ల వస్తదా?

పాత_పానా
రావద్దు. నీ బ్రీతర్, అంటె లోపలి గాలి బయటికి పోయే తోవ, మూసుకపోయింది. హౌసింగ్ మీద చిన్న టోపీ తీరుగ ఉంటది చూడు, దాంట్ల క్రషర్ దుమ్ము నిండి సిమెంటు లెక్క గట్టిపడి ఉంటది. నడిచినా కొద్దీ నూనె వేడెక్కుతది, లోపల గాలి ఉబ్బుతది, పోయే తోవ లేక సీలును (నూనె కారకుండ ఆపే పట్టీ) నూకుకొని బయటికి వస్తది. ఎడమ టైరు మీద నూనె మరక గందుకే కావచ్చు. సీలు మార్చి బ్రీతర్ ఇడిసిపెడితే నెల తిరగకుండ కొత్త సీలు గూడ కారుతది.

ఊకె_చూస్తున్న
నాలుగేండ్ల సంది ఈడ చదువుడే గాని రాసింది లేదు. నేను ఒక్క ఏడాదిల మూడు సార్లు హబ్ (చక్రం నడిమి భాగం) సీల్ మార్చిన. బ్రీతర్ అనేది ఒకటి ఉంటదని ఇప్పుడే తెలిసింది. పొయి చూసొస్త.

ఊకె_చూస్తున్న
చూసిన. దాంట్ల కందిరీగ గూడు ఉన్నది.

స్టెప్నీ
కిరాయి వసూలు చేసినవా?

జడ్చర్ల_బ్రేక్‌డౌన్
ఇప్పుతనంటున్నవ్ కాబట్టి ప్రాణం ముచ్చట ముందు చెప్త. ఎనుక బ్రేకు చాంబర్ల రెండు గదులుంటయ్. ఒక దాంట్ల పెద్ద స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటది, హ్యాండ్ బ్రేకు పని చేసేది దాంతోనే. గాలి ఉంటే స్ప్రింగు నొక్కుకొని ఉంటది, గాలి పోతే ఇడుస్తది, బ్రేకు పడ్తది. ఆ చాంబర్ బిగింపు పట్టీ ఇప్పితే లోపలి స్ప్రింగు గుండు లెక్క ఎగిరొస్తది. ఒక షెడ్డుల ఒక పిలగాని దౌడ పగిలింది, నేనే అంబులెన్స్‌ల ఎక్కిచ్చిన.

డ్రమ్ములు తియ్యాల్నంటె చాంబర్ ఎనుక ఉండే పొడుగు బోల్టును లోపల పెట్టి తిప్పి స్ప్రింగును కట్టెయ్యాలె, గప్పుడే బ్రేకు ఇడుస్తది. అయితె బ్రేకు ఇడిసిందంటే బండి ఉరుకుతది, గందుకె ముందు చక్రాలకు రెండు దిక్కుల దిమ్మలు పెట్టినంకనే ఆ బోల్టు ముట్టు. చాంబర్ల లోపలి పని ఉంటే ఇప్పకు, మొత్తం చాంబరే మార్చు.

ఇంకోటి. టిప్పర్ బాడీ లేపి దాని కింద వంగి పని చేసేటోళ్లు ఉన్నరు. హైడ్రాలిక్ పైపు పగిలితే ఇంక నువ్వు రాసేదేముండది. ఈ పనికి బాడీ లేపే అవుసరమే లేదు.

డ్రైవర్_దేవరకొండ
గిది మాత్రం సత్తెం. మా ఊర్ల ఒకాయన చెయ్యి పోయింది గట్లనే.

మిర్యాలగూడ_మిల్లు
హబ్ సీల్ కోసం తప్ప జాకీ ఎయ్యనే అక్కర్లే గదా? డిఫరెన్షియల్ (క్రౌన్, పినియన్ అన్ని కలిసున్న ముద్ద) గుంజనీకె షాఫ్టులు (హౌసింగ్ నుంచి చక్రాలను తిప్పే కడ్డీలు) గుంజితే సాలు. ఈ బండ్లల్ల బరువంతా హౌసింగ్ గొట్టం మీద, హబ్ బేరింగుల మీద ఉంటది, షాఫ్ట్ ఊకె తిప్పుతది అంతే. షాఫ్ట్ గుంజినా, ఇరిగినా చక్రం మాత్రం ఊడదు.

పాత_పానా
మిల్లు తమ్మి చెప్పింది కరెక్టు. గుంజే తరీఖ చెప్త.

షాఫ్ట్ ఫ్లాంజి బోల్టులన్ని ఇప్పినా అది కదలదు, ఎందుకంటె స్టడ్డుల సుట్టు చీలిక ఉన్న కోను బుష్షులు బిగుసుకొని ఉంటయ్. సన్న ఛీనీ పెట్టి ఫ్లాంజి సందుల కొడ్తరు మనోళ్లు, గది తప్పు, ముఖం చెడుతది, ఆడికెల్లే నూనె కారుతది. నట్టులు నాలుగు చుట్లు వదులు చేసి, పూరా తియ్యకుండ, ఇత్తడి సుత్తెతోని ఫ్లాంజి నడిమిట్ల ఒక్క దెబ్బ గట్టిగ కొట్టు. కోన్లు టప్పున వదులైతయ్. నట్టు పూరా తీసి కొడితే కోను ఎగిరి కంట్ల పడ్తది.

షాఫ్ట్ బయటికి వచ్చినంక గాడి పండ్లు (షాఫ్ట్ చివర్న ఉండే నిలువు గాళ్లు) చూడు. నిటారుగ ఉండాలె. మెలి తిరిగి ఉంటే అది గడియనో గంటనో ఇరిగే సరుకు. పన్ను మీద సన్న చీలిక గీత ఉన్నా సరే పక్కకు పెట్టెయ్.

ఘాట్‌రోడ్డు
మెలిక అంటే గుర్తొచ్చింది. అచ్చంపేట నుంచి మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డెక్కితే ఓవర్‌లోడ్ బండ్లకు ఆ షాఫ్టు జిలేబీ లెక్క తిరుగుతది. నా కాడ ఒకటి ఇంటి ముంగిట పెట్టుకున్న, పిల్లలకు సూపెట్టనీకె.

స్టెప్నీ
పిల్లలకా, ఓనర్‌కా?

కోదాడ_కమాన్
డిఫరెన్షియల్ బరువు మీద ఎవ్వలు మాట్లాడ్తలేరు. ఇద్దరు అన్నదమ్ములు ఎత్తేది కాదది. ట్రాలీ జాకీ గాని చెయిన్ బ్లాకు గాని లేకుంటే ముట్టొద్దు. అన్ని బోల్టులు తీసి "ఒరేయ్ పట్టుకో" అన్నరనుకో, పట్టుకునేటోని కాళ్లు పోతయ్. పైన రెండు బోల్టులు వదులు చేసి వదిలెయ్, కింద జాకీ ఆన్చినంకనే ఆ రెండు తియ్. పది టైర్ల దాంట్ల రెండు హౌసింగుల నడుమ జాగ తక్కువ, నడుమ ప్రొపెల్లర్ షాఫ్టు తీస్తెనే డిఫరెన్షియల్ ముందుకు జరుగుతది. షాఫ్ట్ ఫ్లాంజీల మీద గుర్తు పెట్టుకొని ఇప్పు, ఎట్లున్నది అట్లనే మల్ల పెట్టాలె, లేకుంటె ఊపు వస్తది.

డ్రైవర్_దేవరకొండ
గుర్తుకు సుద్దముక్క సాలు.

పాత_పానా
సుద్ద గీత డీజిల్ తగలంగనే పోతది. పంచ్‌తోని చుక్క కొట్టు. ముఖ్యంగ పక్క బేరింగుల మీద ఉండే టోపీలు, అవి ఎడమది కుడికి, కుడిది ఎడమకు పట్టయ్. ఫ్యాక్టరీల టోపీ బిగిచ్చినంకనే తొలుస్తరు. ఎడమకు ఒక్క చుక్క, కుడికి రెండు. మారిస్తే బేరింగు వంకర బిగుస్తది, పది రోజులల్ల కాల్తది.

పాలమూరోడు
అందరు బేరింగు బేరింగు అంటున్నరు. ఇప్పినంక సెట్టు ఎట్లైనా మార్చాల్నే గదా, పాత పండ్లకు కొత్త బేరింగ్ ఏసి ఎవలు బాగువడ్డరు? నా బండికి గట్లనే ఏసిన్రు. పైసలు మిగిలినయనుకున్న. మూడు నెలలకు ఘాట్ల ఎక్కెటప్పుడు పన్ను ఇరిగి, ఆ ముక్క మిగిలిన పండ్లల్ల పడి, హౌసింగ్ గూడ పగిలింది. ఒక్క సెట్టు మిగిలిద్దామని రెండు సెట్ల పైసలు పెట్టిన.

గ్రీజు_చేతులు
మీ పన్ను విరిగింది పాత సెట్టు అని కాకపోవచ్చు. బిగించేటప్పుడు పళ్ల మధ్య సందు, మరక (పన్ను ఎక్కడ తగులుతోందో చూపే రంగు అచ్చు) చూశారా?

పాలమూరోడు
చూసిన్రో లేదో నాకేం తెల్సు. నేను ఛాయ్ తాగనీకె పోయిన.

గ్రీజు_చేతులు
అదే అసలు సంగతి. క్రౌన్, పినియన్ జంటగా అరగదీసి అమ్ముతారు, రెండిటి మీదా ఒకే జత నంబరు ఉంటుంది. ఒకటి పోతే ఒకటి కొనకూడదు. సందు ఎంత ఉండాలో చాలా క్రౌన్ చక్రాల మీద చెక్కి ఉంటుంది. పెద్ద బండ్లకు సాధారణంగా 0.20 నుంచి 0.45 మిల్లీమీటర్ల మధ్య. డిఫరెన్షియల్‌ను స్టాండ్ మీద పెట్టి, ఏదీ ఇప్పకముందే డయల్ గేజి (సన్నని కదలికను కొలిచే మీటరు) ఆనించి కొలవండి, నాలుగు చోట్ల. క్రౌన్ చక్రం పక్క ఊపు కూడా చూడండి, 0.20 దాటకూడదు. ఈ అంకెలు రాసుకోకుండా ఇప్పేస్తే, బిగించాక మీరు ఎక్కడికి తిరిగి రావాలో మీకే తెలియదు.

తరువాత పది పన్నెండు పళ్లకు సింధూరం నూనెలో కలిపి పూసి తిప్పండి. మరక పన్ను నడుమ పడాలి.

స్టెప్నీ
సింధూరం ఆంజనేయునికి పూసుడు చూసిన, క్రౌన్‌కు పూసుడు ఇదే మొదటిసారి. కొబ్బరికాయ కొట్టాల్నా?

గ్రీజు_చేతులు
కొట్టండి, ఇత్తడి సుత్తెతో మాత్రం వద్దు. తమాషా పక్కన పెడితే, అది సీసంతో చేసే రంగు. పని అయ్యాక చేతులు కడుక్కొని అన్నం తినండి.

మిర్యాలగూడ_మిల్లు
ఒకవేళ సెట్టు కొనాల్సి వస్తే పండ్ల లెక్క చూసి కొను. మా మిల్లు బండికి స్క్రాపుల నుంచి ఆఖరి హౌసింగ్ డిఫరెన్షియల్ తెచ్చి ఏసినం. నడిమి హౌసింగ్‌ల క్రౌన్‌కు 41 పండ్లు, పినియన్‌కు 6, తెచ్చిన దాంట్ల 41కి 7. ఒకటి 6.83, ఇంకోటి 5.86. పది రోజులు మంచిగనే నడిచింది. అటెన్క నడుమ హౌసింగ్‌ల రెండిటికి పని పంచే గేర్లు మాడి నల్లగైనయ్. రెండు హౌసింగులు వేరే వేరే తిరుగుతుంటే ఆ పంచే గేర్లు నిమ్మళంగ ఎట్లుంటయ్?

ఇప్పకుండ లెక్క చూసుడు గూడ ఉన్నది. ఒక దిక్కు చక్రం నేల మీద, ఇంకో దిక్కు జాకీ మీద పెట్టి, లేచిన చక్రాన్ని సరిగ్గ రెండు చుట్లు తిప్పు. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నీ రేషియో. ఒక్క చుట్టు తిప్పి లెక్కేస్తే సగమే వస్తది, మా పిలగాడు గట్లనే తప్పిండు.

జడ్చర్ల_బ్రేక్‌డౌన్
దీనికి తోడు డ్రైవర్లు మట్టిల లాక్ బటన్ (రెండు హౌసింగులను కలిపి కట్టేసేది) ఏసి తారు మీదికి వచ్చినంక తియ్యరు. కొత్త టైర్లు నడిమి దానికి, గుండు టైర్లు ఆఖరి దానికి ఏస్తరు. దాని దెబ్బ గూడ ఆడనే పడ్తది.

డ్రైవర్_దేవరకొండ
అన్నిటికి డ్రైవర్లే దొర్కిన్రా? బటన్ లైటు రెండేండ్ల సంది కాల్తలేదని ఓనర్‌కు చెప్పి చెప్పి నోరు నొచ్చింది.

స్టెప్నీ
ఇగో మొదలైంది ఓనర్ వర్సెస్ డ్రైవర్. అప్పటి సంది ఛాయ్ పట్టుకొని దీని కోసమే ఉన్న.

కంకరబండి
ఇప్పినం. మొత్తం రాస్త, పొడుగైతది, ఏమనుకోకుర్రి.

ఆదివారం పొద్దుగాల ఆరింటికి మొదలుపెట్టినం. వేపచెట్టు కింద సాపు జాగల బండి పెట్టి ముందు చక్రాలకు దిమ్మలు. షాఫ్టులు ఎడమది ఒక్క దెబ్బకు వచ్చింది. కుడిది పదకొండు దెబ్బలు తిన్నది, పన్నెండో దెబ్బకు ఒక కోను నట్టుకు తగిలి ఆగింది. కాకా చెప్పకపోతే మా తమ్ముని ముఖం మీద పడుతుండె. గాడి పండ్లు నిటారుగనే ఉన్నయ్, మెలి లేదు.

ట్రాలీ జాకీ కిరాయికి తెచ్చినం. పై రెండు బోల్టులు ఉంచి గుంజినం. అంత బరువుంటదని మాకు తెల్వలే. జాకీ చక్రం మట్టిల దిగవడ్డది, మల్ల లోడు దించి కింద ఇనుప రేకు పరిచినం. గంటన్నర దానికే పాయె. చక్రాల దిక్కు ముందుగాల్నే రేకు పరవాలెనని ఎవ్వలు చెప్పలే!

లేత్ షాపాయన డయల్ గేజి ఇచ్చిండు, సాయంత్రం దాకనే. క్రౌన్ మీద 0.30 అని చెక్కి ఉన్నది. మాకు వచ్చింది 0.62, నాలుగు కాడల్ల 0.60 నుంచి 0.64 మధ్యనే. సింధూరం మరక పన్ను నడుమ గాదు, పన్ను తల దిక్కు ఎక్కింది. క్రౌన్ చక్రం పక్క ఊపు 0.08 మాత్రమే.

పినియన్ బయటికి తీస్తే బయటి బేరింగు రోలర్లు నాలుగు పొర లేచి గుంతలు పడ్డయ్. బేరింగు గిన్నె (రోలర్లు తిరిగే బయటి రింగు) మీద గూడ అచ్చులున్నయ్. లోపలి బేరింగు బానే కనబడ్తున్నది. ఇగ పినియన్ నట్టు చూస్తే దాని మీద ఛీనీ దెబ్బలు. గప్పుడు యాదికి వచ్చింది. ఎనిమిది నెలల కింద తోవల ఒక షెడ్డుల పినియన్ సీలు కారుతుందంటే మార్చిచ్చినం. అరగంటల పని. నట్టు బిగిచ్చే గన్ను పెట్టి టర్రున బిగిచ్చిన్రు, పైసలిచ్చినం, వచ్చినం.

పండ్లు మెరుస్తున్నయ్. గోరు పెట్టి గీకితే ఒక్క కాడ సన్న గీత తగుల్తది, గుంతలు లేవ్. ఇప్పుడు సెట్టు మార్చాల్నా వద్దా?

పాత_పానా
మరక తల దిక్కు ఎక్కిందంటె పినియన్ బయటికి జరిగిందన్నట్టు. సందు రెండింతలైంది గూడ గందుకే. ఊపు 0.08 అంటె చక్రం సక్కగనే కూసున్నది. పన్ను బాగుంటె నేనైతె సెట్టు మార్చను. పినియన్ రెండు బేరింగులు మార్చు, ఒక్కటి కాదు. గిన్నెతో సహ జతగ కొను, పాత గిన్నెల కొత్త రోలర్లు పెట్టకు. పక్క బేరింగులు గూడ తిప్పి చూడు, చేతికి గరుకు తగిలితే అవి గూడ. లోపలి బేరింగు కింద షిమ్ములు (సన్న రేకు బిళ్లలు) ఎన్ని, ఎంత మందమో రాసి పెట్టుకున్నవా?

పాలమూరోడు
నేను మల్ల చెప్తున్న, సెట్టు మార్చు. ఒక్కసారి ఇప్పిన కూలి అదే, లోపల సరుకు కొత్తది.

గ్రీజు_చేతులు
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎనిమిది నెలలు తప్పు చోట తగిలి అరిగిన పళ్లను సరైన చోటికి తెస్తే సన్నని కూత మిగలొచ్చు. కూత ఉన్నా పన్ను బాగుంటే పని చేస్తుంది. కారు అయితే ఆ శబ్దం భరించలేరు, కంకర టిప్పర్‌లో ఎవరికి వినబడుతుంది? గుంత పడిన పన్ను ఒక్కటి ఉన్నా మాత్రం పాలమూరోడు గారి మాటే వినండి. భూతద్దం పట్టుకొని ప్రతి పన్ను రెండు వైపులా చూశారా?

కంకరబండి
షిమ్ములు తమ్ముడు బీడీకట్ట కాయితం మీద రాసిండు, కాయితం ఉన్నది. భూతద్దం మా బిడ్డ బడి సంచిలది, 41 పండ్లు రెండు దిక్కుల చూసిన. గుంత లేదు. సెట్టు మార్చుత లేను. నాలుగు బేరింగులు, పినియన్ సీలు, కొత్త నట్టు తెచ్చిన. బిగువు ఎట్ల చూడాలె, మా కాడ ఆ మీటర్ లేదు.

పాత_పానా
సీలు ఏసేముందు చూడాలె, సీలు ఉంటె తప్పు లెక్క వస్తది. పినియన్ ఫ్లాంజికి నూలుతాడు నాలుగు చుట్లు సుట్టి చివర్న స్ప్రింగు కాటా కట్టి నిదానంగ గుంజు. కదిలిచ్చే మొదటి గుంజుడు లెక్క పెట్టకు, తిరుగుతున్నప్పటి అంకె చూడు. ఫ్లాంజి నడిమి నుంచి తాడు దాక 7 సెంటీమీటర్లు, కాటా 4 కిలోలు చూపిస్తే 28 కిలో సెంటీమీటర్లు. దాన్ని నీ బండి మాన్యువల్ అంకెతోని పోల్చు. తక్కువొస్తె రెండు బేరింగుల నడుమ ఉండే స్పేసర్ (రింగు) సన్నంది ఎయ్, ఎక్కువొస్తె మందంది. నట్టు వదులు చేసి సరిపెట్టుడు మాత్రం వద్దు, నీ కథ మొదలైందే ఆ నట్టు కాడ.

నట్టుకు గన్ను ముట్టియ్యకు. పొడుగు పైపు పెట్టు. 70 కిలోల మనిషి మీటరు పైపు చివర్న పూరా బరువు ఏస్తె 690 న్యూటన్ మీటర్ల దాక వస్తది. నీ పుస్తకంల ఎంతున్నదో చూసి పైపు పొడుగు లెక్కేసుకో.

స్టెప్నీ
నేను 92 కిలోలు. కిరాయికి దొరుకుత.

ఘాట్‌రోడ్డు
ఎడమ హబ్ సీలు ముచ్చట మరిచిపోకు తమ్మీ. నూనె బ్రేకు లైనర్ల దాక పోయిందా? లైనర్ నూనె తాగితే మంట పెట్టి ఆరబెడ్తరు కొందరు, మల్ల వేడెక్కంగనే కక్కుతది. ఘాట్ల ఒక దిక్కే బ్రేకు పట్టి బండి అడ్డం తిరిగింది నాకు. రెండు దిక్కుల లైనర్లు ఒక్కసారే మార్చు.

జడ్చర్ల_బ్రేక్‌డౌన్
హబ్ నట్టు బిగిచ్చెటప్పుడు చక్రం తిప్పుకుంట బిగియ్, రోలర్లు కుదురుకుంటయ్. అటెన్క జర వదులు చేసి లాక్ ఎయ్. లోపలికి బయటికి ఆట 0.025 నుంచి 0.125 మధ్య ఉండాలె. గేజి లేకుంటె చేతికి తెలిసీ తెల్వనట్టు. పూరా బిగిస్తె హబ్ మీద నీళ్లు చల్లితే చుయ్యిమంటది.

కంకరబండి
మూడు వారాలాయె, చెప్దామంటె పని తీరలే. సందు 0.31 కాడ కుదిరింది, మరక నడుమకు వచ్చింది, జర తల దిక్కే కానీ చాలా నయం. బిగువు మూడో స్పేసర్‌కు సరిపోయింది, రెండు సార్లు మల్ల ఇప్పినం. 92 కిలోలాయన రాలే. నూనె కొత్తది పై ప్లగ్గు బొక్క దాక పోసినం, బండి సాపు జాగల ఉండంగ.

గుయ్య్ పోయింది. 42 కాడ సన్న కూత ఉన్నది, కిటికీ అద్దం మూస్తె వినరాదు. పాలమూరన్నా, నువ్వు నవ్వుతవని తెల్సు. ఎడమ సీలు, రెండు దిక్కుల లైనర్లు మార్చినం, నూనె మరక లేదు. బ్రీతర్ టోపీ తీసేసి రబ్బరు పైపు పెట్టి చాసీ మీద దాక పైకి గుంజినం, క్రషర్ దుమ్ము ఆడి దాక పోదు.

పాలమూరోడు
నవ్వ. మూడు నెలలకు మల్ల అడుగుత.

పాత_పానా
వెయ్యి కిలోమీటర్లకు ఒక్కసారి ప్లగ్గు తీసి అయస్కాంతం చూడు. పొలుసు కనబడితే ఫోటో తీసి ఈడనే పెట్టు.

ఊకె_చూస్తున్న
రబ్బరు పైపు చివర్న జాలి గుడ్డ కట్టుర్రి. కందిరీగలు పైపులల్ల గూడ పెడ్తయ్, నిన్ననే చూసిన.